ఒకే ఇంట్లో మూడు ఒళ్ళు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 38 ఏళ్ళు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నించీ నేనూ మా తోడికోడలూ రోజూ కాలువగట్టు మీద ముప్పావుగంట నడుస్తున్నాం. వారానికి మూడు రోజులు టౌనులో జిమ్‌కి కూడా వెళ్తున్నాం. ఇద్దరికీ ఒకే చార్టు. నాలుగు నెలల్లో తను 6 కిలోలు తగ్గింది, నేను కిలోన్నర. జాకెట్లు వదులయ్యాయని రెండు కుట్లు లోపలికి వేయించుకున్నాను, అంతే తేడా. జిమ్ అబ్బాయేమో "మీది ఎండోమార్ఫ్ బాడీ అండి, ఎంత చేసినా ఇంతే. అన్నం పూర్తిగా మానేసి ట్రెడ్‌మిల్ ఒక్కటే చెయ్యండి. బరువులు ముట్టుకున్నారంటే ఇంకా లావైపోతారు" అన్నాడు. మా అబ్బాయికి 17, ఇంటర్ రెండో ఏడాది. 175 సెంటీమీటర్లు, 53 కిలోలు. వాడిది ఎక్టోమార్ఫట. కండలు రావాలంటే పౌడర్ డబ్బా కొనమని గొడవ. మా వారికి 45. రొయ్యల మేత కొట్టు చూసుకుంటారు. 172 సెంటీమీటర్లు, 66 కిలోలు. పెళ్ళినాడు కాళ్ళూ చేతులూ ఎంత సన్నగా ఉన్నాయో ఇప్పుడూ అంతే. కాస్త పొట్ట వచ్చి ప్యాంటు 30 నుంచి 36కి మారిందంతే. ఆయనకి ఎక్సర్‌సైజ్ అక్కర్లేదు, అదృష్టవంతులు. మా మామగారికి మాత్రం షుగరుంది. ఎవరి ఒంటికి ఏ వ్యాయామం సరిపోతుందో చెప్పగలరా? నాది ఎంత చేసినా ఇంతేనా? ఈ టెన్షన్‌తో రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.
— ఒక గృహిణి

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ గురించి బెంగగా రాశారు, అబ్బాయి గురించి విసుగ్గా రాశారు, మీ వారి గురించి కాస్త కుళ్ళుగా రాశారు. నా లెక్కలో ఈ వరస తిరగబడింది. మీ ఇంట్లో నాకు కంగారు పుట్టించింది ఆ అదృష్టవంతులే. ఆయన దగ్గరికి ఆఖర్న వస్తాను. ముందు మీకు నిద్ర పట్టే సంగతి చూద్దాం.

జాకెట్లకి రెండు కుట్లు వేయించుకున్నానని చెప్పి "అంతే తేడా" అని కొట్టిపారేశారు చూడండి, అసలు కబురు అదే. కాటా మీద కిలో కొవ్వూ కిలో కండా ఒకటే గానీ, ఒంట్లో కొవ్వుకి ఎక్కువ చోటు పడుతుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాళ్ళకి ఒక పక్క కొవ్వు కరుగుతుంటే మరో పక్క కండ చేరుతుంది. కండతో పాటు కాస్త నీరూ నిలుస్తుంది. అందుకని కాటా ముల్లు కదలదు గానీ టైలరు చేతిలో టేపు కదులుతుంది. ఈ విషయంలో జిమ్ కుర్రాడి కన్నా మీ టైలరు మాటకే నేను విలువిస్తాను.

ఇక తోడికోడలితో పోలిక. మీరిద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు, నిజమే. ఒకే వంట తింటున్నారు, ఒకే గట్టు మీద నడుస్తున్నారు. కానీ ఆవిడ ఒళ్ళు ఆవిడ పుట్టింటిది, మీ ఒళ్ళు మీ పుట్టింటిది. 1990లలో అమెరికా, కెనడా పరిశోధకులు హెరిటేజ్ అనే పేరుతో ఒక పెద్ద అధ్యయనం చేశారు. సుమారు వంద కుటుంబాల మనుషుల్ని, అంతవరకూ వ్యాయామం ఎరగనివాళ్ళని తీసుకుని, 20 వారాల పాటు ఒకే పద్ధతిలో సైకిల్ తొక్కించారు. ఆఖర్న వాళ్ళ దమ్ము ఎంత పెరిగిందో కొలిచారు. నిమిషానికి ఒళ్ళు వాడుకోగలిగే ఆక్సిజన్ సగటున 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది. కానీ ఆ సగటు వెనకాల చూస్తే, కొందరికి లీటరు పైగా పెరిగింది, కొందరికి దాదాపు ఏమీ పెరగలేదు! వేరువేరు ఇళ్ళ వాళ్ళ మధ్య ఉన్నంత తేడా ఒకే ఇంటి రక్తసంబంధీకుల మధ్య మాత్రం లేదు. కాబట్టి మిమ్మల్ని పోల్చుకోవాలంటే తోడికోడలితో కాదు, మీ అమ్మగారితోనో మీ అక్కచెల్లెళ్ళతోనో పోల్చుకోవాలి. ఈసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు మీ మేనత్తల నడుములూ తొడలూ ఒకసారి పరికించండి, మీ ఒంటి చిరునామా అక్కడ దొరుకుతుంది. పుట్టింటి నుంచి వచ్చిన ఎముకల కట్టునీ, కొవ్వు ముందుగా చేరే చోటునీ మనం మార్చలేం. దాని మీద ఎంత కొవ్వుండాలి, ఎంత కండుండాలి అన్నది చాలావరకు మార్చగలం.

ఆ ఎండోమార్ఫ్ అన్న మాట మీ నెత్తిన బండలా పడింది గనక అదెక్కడిదో చెప్తాను. షెల్డన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1940లో తెచ్చిన పేర్లవి. కాలేజీ కుర్రాళ్ళ ఫొటోలు వేలకొద్దీ ముందేసుకుని, గుండ్రటి ఒళ్ళుకి ఎండోమార్ఫ్, కండగల ఒళ్ళుకి మీసోమార్ఫ్, పొడుగాటి సన్నటి ఒళ్ళుకి ఎక్టోమార్ఫ్ అన్నాడు. అక్కడితో ఆగలేదు. గుండ్రటివాళ్ళు సరదా మనుషులనీ, కండగలవాళ్ళు దూకుడు మనుషులనీ, సన్నటివాళ్ళు బెరుకు మనుషులనీ చెప్పాడు. ఆ స్వభావాల కథని శాస్త్రం ఎప్పుడో చెత్తబుట్టలో వేసింది. పేర్లు మాత్రం జిమ్ గోడల మీద మిగిలిపోయాయి. ఆ మాటకొస్తే షెల్డన్ కూడా మనిషికి ఒకే ముద్ర వెయ్యలేదు. ప్రతి ఒంట్లోనూ మూడు గుణాలూ ఉంటాయని, ఒక్కోదానికీ 1 నుంచి 7 దాకా మార్కులు వేశాడు. 1967లో హీత్, కార్టర్ అనే ఇద్దరు ఆ కొలతల్ని సవరించారు. వాళ్ళ పద్ధతిని ఆటల శాస్త్రంలో ఇప్పటికీ వాడతారు, కానీ అది మనిషి ఈరోజు ఎలా ఉన్నాడో చెప్పే కొలత. ఏడాది శిక్షణ తర్వాత అదే మనిషికి ఆ మార్కులు మారిపోతాయి. మీకు వేసింది ముద్ర. మార్కులు వేసినవాళ్ళు లేరు.

మన పెద్దలు కూడా వాత శరీరం, పిత్త శరీరం, కఫ శరీరం అనేవారు. ఆ విభజనకీ ఈ మూడు మార్ఫులకీ ముడిపెట్టి చార్టులు తయారుచేసేవాళ్ళున్నారు గానీ, నాకది అతుకుల బొంతలా కనిపిస్తుంది. ఆయుర్వేదంలో నాకు నచ్చే మాట వేరే ఉంది. చలికాలంలోనూ వసంతంలోనూ తన బలంలో సగం వరకే వ్యాయామం చెయ్యాలి, మిగతా రోజుల్లో ఇంకా తక్కువే అన్నాడు వాగ్భటుడు. మన గోదావరి ఉక్కలో ఆ మాట బంగారం. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. రోహిణి కార్తెలో ఎనిమిది దాటాక కాలువగట్టు మీద నడిచేవాళ్ళని చూస్తే నాకు భయం. పొద్దున్నే ఆరింటికల్లా నడక అయిపోవాలి. ఇంకో మాట, చెమట కారితే కొవ్వు కరిగినట్టు కాదు. పోయింది నీళ్ళు. మజ్జిగ తాగితే తిరిగొస్తాయి. పొట్టకి ప్లాస్టిక్ బెల్టులు చుట్టుకుని నడిచేవాళ్ళని మా ఊళ్ళోనూ చూస్తుంటాను. ఆ బెల్టు అమ్మినవాడి జేబు తప్ప ఇంకేదీ మారదు.

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేశాను. ఆ జిమ్ కుర్రాణ్ణి మీ ముందు తిట్టాలని నాకు లేదు, ఎందుకంటే అతను చేసిన తప్పే నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదో తరగతిలో ఒక బొద్దు కుర్రాడుండేవాడు. వాణ్ణి సన్నగా చేసి తీరాలని నా పట్టుదల. అందరూ గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొడితే వాడి చేత ఆరు కొట్టించేవాణ్ణి. నెల తిరిగేసరికి వాడికి డ్రిల్ పీరియడంటే కడుపునొప్పి వచ్చేది. నిజం కడుపునొప్పో అబద్ధం కడుపునొప్పో గానీ, రావడం మానేశాడు. ఆ ఏడాది ఆటల పోటీలకి గ్రౌండులో గీతలు గీస్తుంటే, పక్కన పడున్న ఇనప గుండుని వాడు ఆడుకుంటున్నట్టు తీసి విసిరాడు. నేను గీసిన ఆఖరి గీత దాటి పడింది. పదో తరగతి వాళ్ళెవరూ ఆ గీత దరిదాపులకి కూడా రాలేదు. వాడికి కాళ్ళలో, వీపులో, తుంటిలో ఎంత బలముందో నేను ఏడాదిగా చూడలేదు. లావే చూశాను. మర్నాటి నుంచి వాణ్ణి పరిగెత్తమనలేదు. గుండు ఇంకా దూరం పడాలంటే కాళ్ళు చురుగ్గా కదలాలిరా అన్నానంతే. వాడే పరిగెత్తుకున్నాడు.

మీ విషయమూ అంతే అమ్మా. 71 కిలోల ఒంటిని రోజూ మోసే కాళ్ళు బలహీనమైన కాళ్ళేం కావు. బరువులెత్తే పని మీకు తోడికోడలి కన్నా తేలిగ్గా పట్టుబడుతుంది, ఆవిడకి పరుగు మీకన్నా తేలిగ్గా పట్టుబడుతుంది. మీ చార్టులో బరువులు తీసేసి ట్రెడ్‌మిల్ ఒక్కటే ఉంచడమంటే, గుండు విసరగలవాణ్ణి ఆరు రౌండ్లు కొట్టించడమే. ఆడవాళ్ళు బరువులెత్తితే లావవుతారనేది ఉత్త పుకారు. మగవాళ్ళలో కండని అంతగా పెంచే హార్మోను మనింటి ఆడవాళ్ళ ఒంట్లో చాలా కొద్దిగా ఉంటుంది. మన శ్రీకాకుళం ఆడపడుచు కర్ణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది 69 కిలోల విభాగంలో. మీకన్నా రెండు కిలోలు తక్కువ. ఎత్తిన మొత్తం 240 కిలోలు. మిమ్మల్ని అంత ఎత్తమనడం లేదు, 5 కిలోల బియ్యం సంచితో మొదలుపెట్టండి చాలు.

ఎలాగంటే, వారంలో రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం ఉండేట్టు చూసుకోండి. చేతులు లేని కుర్చీ మీద కూర్చుని, చేతుల సాయం లేకుండా లేచి మళ్ళీ నెమ్మదిగా కూర్చోండి. అలా పది పన్నెండు సార్లు. కాసేపాగి మళ్ళీ. అది సుళువనిపించిన రోజున బియ్యం సంచి గుండెకి హత్తుకుని లేవండి. గోడకి రెండడుగుల దూరంలో నిలబడి, చేతులు గోడకానించి, ఛాతీ గోడ దగ్గరికి తీసుకెళ్ళి వెనక్కి తోయండి. లీటరు నీళ్ళ సీసాలు రెండు చెరో చేతా పట్టుకుని, వాటిని తల మీదికి ఎత్తండి. చివరికి రెండు చేతులా నీళ్ళ బకెట్లు పట్టుకుని వీపు నిటారుగా ఉంచి పెరడంతా నాలుగుసార్లు తిరగండి. జిమ్‌కి వెళ్ళడం ఇష్టమైతే ఇవే పనులు అక్కడి బరువులతో చెయ్యండి, మంచిదే. పన్నెండుసార్లు సుళువుగా అయిపోతోందంటే బరువు కొంచెం పెంచాలి. పెంచకపోతే ఒంటికి అలవాటైపోయి అక్కడే ఆగిపోతుంది. చాలామంది ఏళ్ళ తరబడి అవే సీసాలు ఎత్తుతుంటారు.

దూకడాలూ గెంతడాలూ మాత్రం ఇప్పుడే వద్దు. ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చెప్పారు. అంటే ఉన్న బరువు కూడా అదే లెక్కన మోకాలి మీద పడుతుందని కదా. మీకు మన డెల్టా నేల పెద్ద వరం. ఎంత దూరం పోయినా ఎక్కూ దిగూ లేదు, మన దగ్గర ఎక్కుడంటే చించినాడ వంతెన ఎక్కుడే. ఇంట్లో పాత సైకిలుంటే గాలి కొట్టించండి. మోకాలి మీద భారం లేకుండా ఊపిరికి పని చెప్పడానికి సైకిలుని మించింది లేదు. వారానికి మూడు రోజులు నడక, రెండు రోజులు సైకిలు అనుకోండి. నడకలో కూడా ముప్పావుగంటా కబుర్ల నడక నడవకండి. మూడు నిమిషాలు మామూలుగా, ఒక నిమిషం వడిగా, మళ్ళీ మూడు, మళ్ళీ ఒకటి. వడిగా అంటే ఎంత వడి అంటారా? మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకి చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల ఇలాంటి శ్రమ, దానితో పాటు రెండు రోజులు కండల పని. ఇందులో ఎండోమార్ఫులకి ఒక లెక్కా ఎక్టోమార్ఫులకి ఒక లెక్కా లేదు.

అన్నం పూర్తిగా మానెయ్యమనడం గోదావరి వాళ్ళకి చెప్పే మాటేనా? చెప్పినా ఎన్నాళ్ళు నిలుస్తుంది, మామిడికాయ పప్పు చేసిన రోజుదాకా. అయితే ఇందులో నిజం లేకపోలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నించీ ఈ నేల వరి నేల. కానీ ఆ అన్నం తిన్న మన తాతలు దుక్కి దున్నారు, నాట్లు వేశారు, కుప్ప నూర్చారు. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, కోసేది మిషను, పక్క వీధికి పోయేది మోటారు సైకిలు. కంచంలో అన్నం కొలత మాత్రం తాతగారిదే. ముప్పావుగంట నడకలో మీ ఒంటికి ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు, అది ఒక కప్పు అన్నంతో సమానం. ఎలాగూ నడిచొచ్చాంగా అని రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకుంటే లెక్క సరి. పూటకి ఒక గరిటె తగ్గించి, ఆ చోటులో కూర పెట్టుకోండి. పప్పో చేపో గుడ్డో ప్రతి పూటా ఉండాలి. పూతరేకులు ఎవరైనా ఆత్రేయపురం నుంచి తెస్తే ఒకటి తినండి. డబ్బా మాత్రం మీ గదిలో పెట్టుకోకండి.

మీ కొవ్వు తొడల్లో, తుంటి చుట్టూ ఎక్కువా, లేక నడుము దగ్గర ఎక్కువా అన్నది మీరు రాయలేదు. అది ముఖ్యం. తుంటి చుట్టూ చేరిన కొవ్వు చూపుకి ఎక్కువ, చేటుకి తక్కువ. నడుము లోపల చేరింది దానికి పూర్తిగా వ్యతిరేకం. మన దేశపు ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటకూడదని వైద్యులు గీత గీశారు. గీత కాస్త దాటినా కంగారు పడకండి, నెలనెలా తగ్గుతోందా లేదా అన్నదే చూడండి. నీరసం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం లాంటివి ఏవైనా ఉంటే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. నిద్ర పట్టడం లేదన్నారు, అది కూడా బరువు తగ్గనివ్వని కారణాల్లో ఒకటే.

అబ్బాయి సంగతి త్వరగా చెప్పేస్తాను. పదిహేడేళ్ళకి పొడుగు సాగిపోయి కండ వెనకబడటం మామూలే. వాడికి పరుగులు వద్దు, అంటే మానెయ్యమని కాదు, అవి వాడికి ఎలాగూ బాగానే వస్తాయి. వాడికి కావాల్సింది వారానికి మూడు రోజులు దండీలు, బస్కీలు, కడ్డీ పట్టుకుని గడ్డం పైకి లేపడం. పది చెయ్యగలిగితే పుస్తకాల సంచి వీపుకి తగిలించుకుని చెయ్యమనండి. బరువులెత్తితే పొడుగు ఆగిపోతుందని మీ అత్తగారు అంటారేమో, అది నిజం కాదు, పక్కన నేర్పేవాడుంటే చాలు. పొడుగాటి కాళ్ళూ చేతులూ ఉన్నవాడు పొట్టివాళ్ళంత త్వరగా బస్కీల్లో కిందకి దిగలేడు. వాడి ఎముకలు పొడుగు, దారీ పొడుగు. పక్కవాణ్ణి చూసి సిగ్గుపడొద్దనండి. సన్నంగా ఉన్నానని వాడు మరీ దిగులు పడితే, బ్యాడ్మింటన్ ఆడే అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ గురించి చెప్పండి. ఆరడుగుల పొడుగు మనిషి. 2023లో గిన్నిస్ రికార్డుకెక్కిన అతని స్మాష్ వేగం గంటకి 565 కిలోమీటర్లు. పొడుగాటి చెయ్యి అలా పనికొస్తుంది.

పౌడర్ విషం కాదు గానీ, వాడికి అక్కర్లేదు. కండ కట్టడానికి రోజుకి కిలో బరువుకి 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలని పరిశోధనలు చెప్తున్నాయి. వాడి 53 కిలోలకి 85 గ్రాములు. మూడు గుడ్లకి 18, రెండు గ్లాసుల పాలకి 16, నూటయాభై గ్రాముల చేపకి 30, మిగతాది పప్పు, పెసరట్టు, గుప్పెడు వేరుశనగ గుళ్ళు, పెరుగు చూసుకుంటాయి. గోదావరి జిల్లాల్లో కోళ్ళఫారాలూ చేపల చెరువులూ పెట్టుకుని మాంసకృత్తులు డబ్బాలో కొనుక్కోవడమేమిటి? బరువు పెంచే డబ్బాలు చాలావాటిలో ఎక్కువ భాగం చక్కెర లాంటి పిండే. అన్నం విషయంలో మీకు చెప్పింది వాడికి చెప్పకండి, వాడు ఇంకో గరిటె వేసుకోవాలి. ఒకే వంట వండండి, వడ్డన వేరుగా ఉండాలి. జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్ల మాటెత్తితే ఆ రోజే ఆ జిమ్ మాన్పించండి.

ఇప్పుడు మీ వారు.

172 సెంటీమీటర్లు, 66 కిలోలు. లెక్కేస్తే బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు సరిపోయిందా అని చూసే అంకె, 22.3 వచ్చింది. ఆ అంకె చూసి ఉలిక్కిపడ్డాను, ఎందుకంటే దానికో కథ ఉంది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడిన ఫొటో వచ్చింది. ఒకరు పుణేకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, అచ్చంగా మీ వారిదే, 22.3. యుడ్కిన్ గారి ఒంట్లో కొవ్వు 9.1 శాతం. మన యాజ్ఞిక్ గారి ఒంట్లో 21.2 శాతం. కాటా ఇద్దరినీ ఒకే గాటన కట్టింది, ఒంటి లోపల చూస్తే రెట్టింపు తేడా. మన దేశంలో ఇలాంటి ఒళ్ళు చాలా ఎక్కువ. చేతులూ కాళ్ళూ సన్నం, పొట్ట మాత్రం కుండ. చొక్కా వేసుకుంటే ఎవరికీ తెలియదు, పైగా "నీకేంటిరా, సన్నంగా ఉన్నావు" అని మెచ్చుకుంటారు.

ఇందులో చిక్కేమిటంటే, భోజనం చేశాక రక్తంలోకి వచ్చిన చక్కెరని ఎక్కువగా లాక్కుని దాచుకునేవి కండలే. కాళ్ళూ చేతులూ సన్నం అని మీరు మురిసిపోతున్నారు గానీ, ఆ సన్నదనం కొవ్వు లేకపోవడం కాదు, కండ లేకపోవడం. గిడ్డంగి చిన్నదైతే ధాన్యం రోడ్డు మీద పోస్తారు కదా, అలా ఆ చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. పొట్ట లోపలి కొవ్వేమో ఇన్సులిన్ పని సరిగ్గా సాగనివ్వదు. ఇంట్లో వాళ్ళ నాన్నగారికి షుగరు. వయసు 45. పని కూర్చుని చేసేది, చెరువుల దగ్గరికి వెళ్ళినా మోటారు సైకిలు మీదే. ప్యాంటు 30 నుంచి 36. అది కూడా మగవాళ్ళు పొట్ట కిందకి దించి కట్టే ప్యాంటు, అంటే అసలు నడుము 36 కన్నా ఎక్కువే ఉంటుంది. ఆయన ఎత్తులో సగం 86 సెంటీమీటర్లు. నడుము ఎత్తులో సగానికి మించకూడదన్నది ఎవరికైనా వర్తించే సులభమైన లెక్క. 36 అంగుళాలంటేనే 91 సెంటీమీటర్లు.

ఆయన్ని ముందు ఒక పొద్దున్న పరగడుపున రక్తపరీక్షకి తీసుకెళ్ళండి. పరగడుపు షుగరు 100 నుంచి 125 మధ్య, గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అది షుగరు గుమ్మంలో నిలబడ్డట్టు. అక్కడి నుంచి చాలామంది వెనక్కి తిరగ్గలరు. కొలెస్ట్రాల్, బీపీ కూడా చూపించండి. నడుస్తుంటే ఛాతీలో బిగువు, ఆయాసం లాంటివి ఎప్పుడైనా వచ్చుంటే ముందు గుండె డాక్టరు, తర్వాతే వ్యాయామం.

ఆయన వ్యాయామం మీ దానికన్నా అబ్బాయి దానికే దగ్గర. ఇదే అందరికీ వింతగా ఉంటుంది. పొట్ట తగ్గాలి కదా అని వెల్లకిలా పడుకుని లేచే కసరత్తులు వంద చేస్తారు. పొట్ట దగ్గర కదిపినంత మాత్రాన పొట్ట దగ్గరే కొవ్వు కరగదు. ఆయనకి తొడల్లో, వీపులో, భుజాల్లో కండ చేరాలి. తండ్రీ కొడుకులిద్దరూ వారానికి మూడు రోజులు పెరట్లో కలిసి బస్కీలు తీస్తే, మీకు పౌడర్ గొడవా తగ్గుతుంది. మొదట్లో ఆయన మీలాగా కుర్చీతోనే మొదలుపెట్టాలి, కొడుకుని చూసి రెచ్చిపోకూడదు. మోకాలు పట్టేస్తే మళ్ళీ ఏడాదిదాకా ఆ మాటెత్తరు. దాంతోపాటు రోజుకి అరగంట వడి నడక, వారానికి అయిదు రోజులు. రాత్రి కొట్టు కట్టేసి వచ్చి తొమ్మిదింటికి భోంచేసి టీవీ ముందు కూర్చుంటారని ఊహిస్తున్నాను. భోజనమయ్యాక ఓ పది పదిహేను నిమిషాలు వీధి చివరిదాకా నడిచొస్తే ఆ పూట చక్కెర పెరగడం తగ్గుతుంది. దానికి బూట్లూ ట్రాక్‌సూటూ అక్కర్లేదు, లుంగీ చాలు. ఆయన బరువు తగ్గాల్సిన పని పెద్దగా లేదు. అందుకని కాటా ఆయనకి ఎప్పటికీ మంచి మాటే చెప్తుంది, దాన్ని నమ్మనివ్వకండి.

"నాకెందుకే" అంటారు, తెలుసు. మా ఊళ్ళో కొబ్బరి దింపు చేసే ఒక పెద్దాయనున్నాడు. పీలగా, గాలొస్తే పడిపోయేలా ఉంటాడు. ఆయన చొక్కా విప్పితే మీ వారికీ ఆయనకీ తేడా తెలుస్తుంది, సన్నం సన్నం ఒకటి కాదు. చెట్టెక్కే మనిషి సన్నదనం తాడు పేనినట్టు ఉంటుంది.

ఆదివారం పొద్దున్న కాఫీకి ముందు టేపు పట్టుకుని నలుగురూ నిలబడండి, తోడికోడలితో సహా. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్యన, చొక్కా పైకెత్తి, ఊపిరి వదిలాక కొలవాలి. మీ నలుగురి అంకెలూ కేలెండరు మీద రాసి పెట్టండి, మళ్ళీ కొలిచేది నెల తర్వాతే. మీ వారిది కొలిచేటప్పుడు మాత్రం అబ్బాయిని పక్కన నిలబెట్టుకోండి. పెళ్ళిఫొటోకి నిలబడ్డట్టు పొట్ట లోపలికి లాక్కుంటారు. ఊపిరి వదిలేదాకా టేపు వదలొద్దు. ఆ అంకె నాకు రాయండి.